మొన్ననే మార్చిన ఆయిల్

కారు కింద బోల్టు ఊడదీసి పావుగంట దాటింది, అయినా ఆయిల్ దిగడం లేదు. జారి తొట్టిలో పడవలసింది నల్లటి తీగలా సాగుతోంది, సాగి సాగి మధ్యలో ఆగుతోంది, ఆగి ఒక ముద్ద చప్‌మని పడుతోంది, ఆ చప్పుడు విన్న ప్రతిసారీ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న కైలాసం దాన్ని ఇంకాస్త వెనక్కి జరుపుకుంటున్నాడు. రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. పెట్టుకుని ఏం లాభం, ఆ మాడు కంపు రుమాలులోంచీ వస్తోంది, పొద్దున తిన్న ఉప్మాలోంచీ వస్తోంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, లాడ్ బజార్లో మూడు తరాల లక్కగాజుల దుకాణం, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా లేనిదే గడప దాటడని పేరు, అలాంటివాడు ఇవాళ నడి మధ్యాహ్నం సైదాబాద్ రోడ్డు పక్కన తాహిర్ మెకానిక్ షెడ్డులో, గ్రీజు మరకల మధ్య, తన కారు కడుపులోంచి రాలుతున్న రోతను చూస్తూ కూర్చున్నాడు. తన కారు కాదు, ఐదు నెలల కిందటిదాకా తనది, ఇప్పుడు హమ్మాద్‌ది. ఆ హమ్మాద్ బానెట్ పక్కన రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, ఆపరేషన్ గది బయట నిలబడ్డవాడిలా తొట్టివంకే చూస్తున్నాడు. ఆ తొట్టిలో ఏం పడుతుందో వాడికి తెలియదు, ముప్ఫై ఏళ్ళుగా ఇంజిన్లు విప్పుతున్న తాహిర్‌కూ తెలియదు, కైలాసానికి మాత్రం బోల్టు ఊడకముందే తెలుసు.

పొద్దున ఫోను మోగినప్పుడే తెలుసు. "చాచా, సంతోష్‌నగర్ కాడ మీటర్ల ఎర్ర లైటు పడ్డది, ఇంజిన్ల టకటక కొడ్తున్నది, జర తాహిర్ భాయ్ కాడికి రారాదు? మీరుంటే మంచిగ చూస్తడు" అన్నాడు హమ్మాద్. పని ఉందనవచ్చు, ఒంట్లో బాగాలేదనవచ్చు, వంద అబద్ధాలున్నాయి, కాని రాకపోతే అనుమానం వస్తుందేమోనని వచ్చాడు. చూశావా, సాయం చేద్దామని కాదు, అనుమానం రాకూడదని. ఆ సంగతి తనలో తనకే పట్టుబడి కైలాసం ముఖం చిట్లించాడు. చాచా. బజారంతా తనను సేట్ అంటుంది, మాటలు వచ్చిన నాటి నుంచీ వీడొక్కడే చాచా, సొంత చిన్నాన్నను పిలిచినట్టు. "సేట్ అనాలెరా, చాచా ఏంది" అని వాళ్ళ నాన్న ఖాసిం వాడి నెత్తిన ఒక్కటేస్తే, తనే "ఉండనియ్ ఖాసిం, పిల్లగాడు" అన్నాడు. ఖాసిం ముప్ఫై ఏళ్ళు తన దుకాణానికి లక్క మలిచి గాజులు చేశాడు, బట్టీ ముందు గొంతుక్కూర్చుని, ఎర్రటి నిప్పుల మీద లక్క ముద్దను తిప్పుతూ, ఆ ఘాటు పొగను పొద్దంతా మింగుతూ. అతని వేళ్ళు ఎప్పుడూ నల్లగా, మొద్దుబారి, గోళ్ళ సందుల్లో మాడిన లక్క ఇరుక్కుని ఉండేవి. ఆ వేళ్ళతో గాజుల డబ్బా అందిస్తే కైలాసం ముందు గుడ్డతో తుడిచి గాని పట్టుకునేవాడు కాదు. ఖాసిం చూస్తుండగానే తుడిచేవాడు. నవ్వేవాడు ఖాసిం, ఏమనుకునేవాడో. ఆ పొగకే ఊపిరితిత్తులు ఎండిపోయి పోయాడు, తర్వాత ఆ బట్టీ ముందే హమ్మాద్ కూర్చున్నాడు, ముప్ఫై అయిదేళ్ళకే వాడికీ దగ్గు పట్టుకుంది, ఇంకో రెండేళ్ళు పొగలో కూర్చుంటే నీ తండ్రి దారే అని డాక్టరు మొహం మీదే చెప్పాడు. అందుకే కారు. జల్‌పల్లిలో వాడి ఇంటి చుట్టుపక్కల నలుగురు టీచరమ్మలు ఉన్నారు, పొద్దున్నే వాళ్ళను బస్తీలో స్కూళ్ళ దగ్గర దింపి, పగలంతా కిరాయిలు తోలి, సాయంత్రం మళ్ళీ వాళ్ళను ఇంటికి చేర్చడం వాడి పని. ఐదు నెలలుగా దగ్గు తగ్గింది. ఇవాళ ఈ ఇంజిన్ పోతే వాడు రేపు ఎక్కడ కూర్చోవాలో కైలాసానికి తెలుసు, ఆ బట్టీ వాసన కూడా తెలుసు, ఇప్పుడు తొట్టిలోంచి వస్తున్న వాసనకూ దానికీ పెద్ద తేడా లేదు.

చప్. ఇంకో ముద్ద. తాహిర్ కారు కింద నుంచి పాక్కుంటూ బయటికొచ్చి, ఒక వేలితో తొట్టిలోది తీసి, బొటనవేలితో రుద్ది, వాసన చూసి, హమ్మాద్‌ వంక కాదు, కైలాసం వంక చూశాడు, పెద్దమనిషికి చెబితే సరిపోతుందన్నట్టు. "సింథటిక్ ఆయిల్ డబ్బా మీద పదివేల కిలోమీటర్లని రాస్తరు సేట్ సాబ్. పదివేలు, లేకుంటె ఏడాది, ఏది ముందొస్తె అది. ఆ రెండో ముక్క ఎవ్వరు చదువరు. మన గల్లీలల్ల తిరిగే బండికి నేనైతె ఐదారు వేలకే మారుస్త. ట్రాఫిక్ జాముల నిలబడితె మీటర్ తిరుగది, ఇంజిన్ తిరుగుతనే ఉంటది గద. కిలోమీటర్లు కాదు సేట్ సాబ్, ఎన్ని గంటలు కాలిందన్నది చూడాలె." కైలాసం తలూపాడు. ఎంత పెద్దరికంగా ఊపాడో ఆ తల! ఇంటి నుంచి చార్మినార్ దాపుల్లో కారు పెట్టుకునే జాగాకు ఆరు కిలోమీటర్లు, ఆ ఆరింటికీ నలభై నిమిషాలు, చంచల్‌గూడ దగ్గర పది, దబీర్‌పురా దగ్గర పదిహేను, ఏసీ వేసుకుని, అద్దాలు బిగించుకుని, ముందున్న ఆటోవాడిని తిట్టుకుంటూ. మీటరు ఆరు తిరిగేది. డ్రైవర్ తలుపు తీస్తే కనిపించే చోట తాహిర్ అంటించిన పసుప్పచ్చ స్టికర్ ఉండేది, 38900, కింద 48900, ఆ పక్కన తేదీ. తేదీ వంక చూసిందెప్పుడు? నలభై ఒక్కవేలు, ఇంకా ఉంది. నలభై మూడు, ఇంకా ఉంది. ఖరీదైన ఆయిల్ పోయించాం, ఊరికే పారబోస్తామా, పూర్తిగా వాడుకోవద్దా, రెండు చలికాలాలు, రెండు వానాకాలాలు, ఇంకా ఉంది. లెక్క తెలిసినవాడినని తనకు తనే మురిసిపోయేవాడు, లోపల అది పాకమై, బంకై, చీమిడిలా గోడలకు పట్టుకుంటోందని ఎవడికి తెలుసు. తెలియకపోవడం తప్పు కాదులే, అది ఎవరైనా చేసే పొరపాటు, అక్కడే ఆగి ఉంటే ఇవాళ ఈ కుర్చీలో ఇలా కంపరం పుట్టి కూర్చునే పని ఉండేది కాదు.

తాహిర్ కొత్త వాషర్ కోసం గూటి దగ్గరికి నడిచాడు. గూట్లో వరసగా అట్ట డబ్బాలు, నట్లు ఒకదాంట్లో, వాషర్లు ఒకదాంట్లో, అన్నీ కైలాసం దుకాణంవే. తాహిర్ భార్య బిల్కీస్ పండగ పండగకూ గాజులు కొనేది అక్కడే, ఖాళీ డబ్బాలను మొగుడు షెడ్డుకు తెచ్చుకుంటాడు, ప్రతి డబ్బా అంచున పసుప్పచ్చ స్టికర్ మీద గాజు సైజు, 2-4, 2-6, 2-8, నలభై ఏళ్ళుగా కైలాసం స్వయంగా రాసేవే. గుండ్రటి అంకెలు, మధ్యలో పొట్టి గీత. వాటిని చూడగానే కైలాసం చూపు తిప్పుకున్నాడు. ఎక్కడికి తిప్పుకుంటే ఏం, ఐదు నెలల కిందటి ఆ సాయంత్రం ఎదురుగా వచ్చి నిలబడింది. దుకాణం ముందే బేరం కుదిరింది, అసలు బేరమే ఆడలేదు హమ్మాద్, తను చెప్పిందే ఖాయం, టైర్లు కూడా తన్ని చూడలేదు, తాళం చెవి కళ్ళకద్దుకుని, బండి రేపు తీసుకుంటానని తిరిగిచ్చాడు. పోబోతూ ఊరికే, మాట వరసకు అడిగాడు, "ఆయిల్ ఎప్పుడు మార్పిచ్చిండ్రు చాచా?" అని. కైలాసం నోట్లోంచి "మొన్ననే" అని వచ్చింది. ఆలోచించి చెప్పింది కాదు. గల్లా ముందు కూర్చుని నలభై ఏళ్ళు, సరుకు ఎప్పుడు వచ్చిందని ఆడవాళ్ళు రోజుకు వందసార్లు అడుగుతారు, మూడేళ్ళుగా అటక మీద దుమ్ము కొట్టుకుపోతున్న గాజుల జతైనా సరే జవాబు ఒకటే, మొన్ననే వచ్చిందమ్మా. అది అబద్ధమని ఎవరూ అనుకోరు, కొనేవాళ్ళూ అనుకోరు, బజారు మాట అది. ఆ మాటే ఖాసిం కొడుకుతో అన్నాడు. అన్న మరుక్షణం "కాదురా, మర్చిపోయిన, మార్పిచ్చుకో" అంటే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. ఒక్క క్షణం చిన్నబోవాల్సి వచ్చేది. కైలాసం సేట్ చేతి వస్తువు కళ్ళు మూసుకుని కొనొచ్చు అని బజార్లో ఒక పేరుంది చూడు, ఆ పేరు ఒక్క క్షణం చిన్నబోయేది.

దానికోసం, ఆ ఒక్క క్షణం కోసం, మర్నాడు బండి ఇచ్చేముందు చేసిన పని తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు జలదరిస్తోంది. మాట జారడం ఒక రకం, చేత్తో చేయడం ఇంకో రకం. తలుపు తీసి, తాహిర్ స్టికర్‌ను గోటితో గీకాడు. పూర్తిగా రాలేదు, రుమాలు తడిపి రుద్దాడు, జిగురు వేలికంటుకుంటే అసహ్యించుకుని సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాడు, అదీ సంగతి, జిగురు అంటితే అసహ్యం. తర్వాత గల్లాపెట్టె సొరుగులోంచి పసుప్పచ్చ స్టికర్ ఒకటి చింపి, కళ్ళజోడు పెట్టుకుని, పెళ్ళి పిలుపుకార్డు మీద పేరు రాసినంత జాగ్రత్తగా అంకెలు వేసి, తేదీ వేసి, అంటించి, బొటనవేలితో నొక్కాడు. మధ్యాహ్నం హమ్మాద్‌కు మిఠాయి కూడా పెట్టాడు. ఛీ. ఈ ఐదు నెలల్లో చెప్పడానికి ఎన్ని రోజులు దొరకలేదు? ఒకసారి, ఒక్కసారంటే ఒక్కసారి, దుకాణానికి వచ్చినప్పుడు అన్నాడు, "ఆయిల్ గిట్ల జర చూపిచ్చుకో హమ్మాద్" అని. వాడు నవ్వి, కారు దగ్గరికి తీసుకెళ్ళి, తలుపు తెరిచి ఆ స్టికర్ చూపించాడు, గర్వంగా, "ఇంక ఆరువేలు ఉన్నది చాచా, మీరు ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. ఇంకా ఉంది. తను చదివిన పాఠమే వాడూ చదువుతున్నాడు, అదీ తన చేతిరాతలో. కైలాసం "మంచిది" అన్నాడు. చెప్పినట్టే లెక్క, ఇక వాడి ఖర్మ అని మనసు సర్దుకుని ఆ రాత్రి హాయిగా నిద్ర కూడా పోయాడు, అదే ఇప్పుడు అన్నిటికంటే వెగటుగా ఉంది, నిద్రపట్టడం.

"ఫిల్టర్ చూడు" అంటున్నాడు తాహిర్. చేతిలో పట్టుకున్నది ఫిల్టరో, మాడిపోయిన బెల్లం కుండో తెలియడం లేదు. "ఇది ఐదు నెలల ఆయిల్ కాదు హమ్మాద్. ఇది మూడేండ్ల సరుకు." సరుకు! ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది కైలాసానికి. హమ్మాద్ నెత్తి మీది చేతులు దించాడు. వాడి ముఖంలో భయం ఉన్న చోట కోపం వచ్చి కూర్చోవడం కైలాసం స్పష్టంగా చూశాడు. వాడు గబగబా వెళ్ళి డ్రైవర్ తలుపు బార్లా తెరిచాడు.

"మూడేండ్లేంది భాయ్? నీ కాడ్నే మార్పిచ్చిండు చాచా. గిదేంది మరి, నీ స్టికర్ కాదా? పాత ఆయిల్ అట్లనే ఉంచి స్టికర్ అంటిచ్చినవా?"

తాహిర్ ఫిల్టర్ కింద పెట్టి వచ్చి, వంగి స్టికర్ చూశాడు. 46-100. కింద 56-100. కూర్చున్న చోటి నుంచే కైలాసానికి కనిపించింది, ఐదు నెలల్లో మొదటిసారి కనిపించింది, అంకెల మధ్య ఆ పొట్టి గీత. తాహిర్ గీత పెట్టడు, ఏ మెకానిక్కూ పెట్టడు, నలభై వేలను అలా ముక్క చేసి రాసే చెయ్యి గాజులవాడిది తప్ప ఈ ఊళ్ళో ఇంకెవరికుంటుంది? ఎంత జాగ్రత్తగా రాశాడు! అంత జాగ్రత్తలోనూ చెయ్యి తన అలవాటు తను చూసుకుంది. తాహిర్ చాలాసేపు వంగే ఉన్నాడు. తర్వాత నిటారుగా నిలబడి, అరచేతిలోని వాషర్ వంక చూసి, ఆ వాషర్ తీసిన డబ్బా వంక చూశాడు, 2-6. కైలాసం వంక మాత్రం చూడలేదు. చూసినా బాగుండేది. కైలాసం చేతిలో రుమాలు నలిగిపోయింది, అయిపోయింది, ఇప్పుడు అంటాడు, రోడ్డు మీద వినపడేలా అంటాడు, రేపు పొద్దున్నకల్లా బజారంతా పాకుతుంది.

"నా కాడ్నే తప్పయినట్టున్నది హమ్మాద్" అన్నాడు తాహిర్, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ. "పని మీద పని పడ్తది. స్టికర్ అంటిచ్చి ఆయిల్ మర్చిపోయి ఉంట."

అమ్మయ్య అనిపించింది కైలాసానికి. నిజంగా అనిపించింది, ఎండాకాలం చన్నీళ్ళు తాగినంత హాయిగా, వెన్నులో బిగువు సడలి, కుర్చీలో వెనక్కి కూడా వాలాడు. ఒక్క నిమిషం. ఆ నిమిషంలో తాహిర్ ఎందుకలా అన్నాడో ఊహించుకునే ఓపిక కూడా వచ్చింది, ఇరవై ఏళ్ళ గిరాకీ కదా, పెద్దమనిషి ముఖం కాపాడాడు, మంచివాడు, ఈసారి పండక్కి బిల్కీస్‌కు నాలుగు జతలు ఊరికే పంపాలి. నాలుగు జతలు! ఆ ఆలోచన తన బుర్రలోనే పుట్టిందని తెలిసేసరికి కైలాసానికి నిజంగానే డోకొచ్చింది, లేచి షెడ్డు అంచుకు పోయి ఉమ్మి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. తొట్టిలో ఉన్నది ఎంత నల్లగా ఉన్నా అది ఆయిలే, దాని పని అది చేసి చేసి చచ్చింది, దాన్ని చూసి రుమాలు అడ్డం పెట్టుకోవడానికి తనెవడు? హమ్మాద్ అరుస్తున్నాడు, ఇంత గొంతు వాడిలో ఉందని కైలాసానికి తెలియదు. "మర్చిపోయినవా? పొద్దుగాల నలుగురు టీచరమ్మలు నాకోసం నిలబడ్తరు భాయ్! ఇది పోతె నేను మళ్ల బట్టీ కాడ కూసోవాలె, డాక్టర్ ఏమన్నడో ఎరుకనా నీకు?" అరుపు మధ్యలో దగ్గు వచ్చింది, ఆ పాత దగ్గు, ఖాసిం దగ్గు, అచ్చం అదే, లోపల ఏదో చిరిగినట్టు. తాహిర్ తల వంచుకుని వింటున్నాడు. మనిషి తను చెయ్యని తప్పుకు తిట్లు తింటుంటే ఎలా ఉంటాడో కైలాసం ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. దగ్గు ఆగాక హమ్మాద్ ఇటు తిరిగాడు, కళ్ళలో నీళ్ళు తుడుచుకున్నాడు, అవి దగ్గు నీళ్ళో ఏవో.

"మాఫ్ చెయ్యుండ్రి చాచా. మీరు పానం లెక్క చూసుకున్న బండి. నా చేతికొచ్చినంక గిట్లయింది."

కైలాసం లేచి నిలబడ్డాడు. ఏదో పెద్దగా చెప్పాలనుకున్నాడు, మాటలు కూడా పేర్చుకుంటున్నాడు, పేర్చుకుంటున్నానని గ్రహించి వాటినీ వదిలేశాడు. పేర్చిన మాటలన్నీ దుకాణం మాటలే.

"తాహిర్ రాయలే అది. నేను రాసిన. ఆయిల్ మార్పియ్యలే హమ్మాద్. నీకిచ్చే ముంగట మార్పియ్యలే, అంతకుముందు రెండేండ్ల సంది మార్పియ్యలే. మొన్ననే అని నీతోని అబద్ధం చెప్పిన, దానికి స్టికర్ అంటిచ్చిన."

"మజాక్ చెయ్యకుండ్రి చాచా" అన్నాడు హమ్మాద్, నవ్వబోయాడు కూడా. తర్వాత తాహిర్ ముఖం చూశాడు. తాహిర్ వాషర్‌ను బోల్టుకు ఎక్కిస్తూ తల ఎత్తలేదు. హమ్మాద్ మెల్లగా తలుపు దగ్గరికి పోయి స్టికర్ మీద వేలు పెట్టి, అంకె అంకె తడిమాడు, చిన్నప్పుడు కైలాసం దుకాణంలోనే డబ్బాల మీద సైజులు చూసి అంకెలు నేర్చుకున్నవాడు, ఆ గీతను గుర్తుపట్టడానికి వాడికి ఎంతో సేపు పట్టలేదు. రోడ్డు మీద బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. కైలాసం తిట్ల కోసం ఎదురుచూశాడు. తాహిర్‌కు పడ్డ తిట్లన్నీ, ఇంకా నాలుగు కలిపి, తనకు పడితే బాగుండునని ఎంత ఆశగా ఎదురుచూశాడో.

"నాతోని చెప్తె నేనే మార్పిచ్చుకుంటుంటి గద" అన్నాడు హమ్మాద్. గొంతు పెంచలేదు. "గంట పని."

"ఇంజిన్ ఏమైనా సరే, నేను..." అని మొదలుపెట్టాడు కైలాసం. హమ్మాద్ చెయ్యి ఎత్తాడు, వద్దన్నట్టు, అంతే. "ఆయిల్ ఛాంబర్ ఇప్పి చూద్దాం భాయ్" అన్నాడు తాహిర్‌తో, "బతుకుతదా?" తాహిర్ "చూడాలె. బేరింగులు అరగకుంటె బతుకుతది. సాయంత్రందాక చెప్పలేను" అని మళ్ళీ కారు కిందికి పాకాడు. హమ్మాద్ చొక్కా విప్పి తీగ మీద వేసి, బనీనుతో, వాడూ కింద పడుకున్నాడు, ఆ నల్లటి ముద్దలు రాలే చోటే, తాహిర్ పక్కన. స్పానర్ తిరుగుతున్న చప్పుడు, మధ్య మధ్య దగ్గు. పొమ్మని ఎవరూ అనలేదు, ఉండమని కూడా అనలేదు. షెడ్డు రేకు దాటి ఎండ మెల్లగా లోపలికి జరిగి, ముందు కైలాసం చెప్పుల మీదికి, తర్వాత మోకాళ్ళ మీదికి, తెల్ల చొక్కా మీదికి వచ్చింది. కదలాలనిపించలేదు. చాలాసేపటికి కారు కింద నుంచి హమ్మాద్ తల కొంచెం బయటికి వచ్చింది, నుదుటి మీద నల్లటి మరక, వేళ్ళు ఖాసిం వేళ్ళలాగే నల్లగా.

"ఎండ మీద పడ్తున్నది" అన్నాడు వాడు, ఎంతో మర్యాదగా. "కుర్చీ జర నీడకు జరుపుకోండి, సేట్."

కైలాసం కుర్చీ నీడలోకి జరుపుకున్నాడు.